నీతికి కొలత ఎవరి దగ్గరుంది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల మంచి సమరయుడి ఉపమానం (లూకా 10:25–37) మీద వేసిన వ్యాసానికి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ణి యాజకుడు, లేవీయుడు (ఇద్దరూ దేవాలయ సేవకులే) చూసి కూడా దాటిపోతే, యూదులు దూరం పెట్టిన సమరయుడు ఆగి ఆదుకున్న కథ అది. పొరుగువాడి పట్ల ప్రేమ లేని భక్తిని దేవుడు నీతిగా లెక్కలోకి తీసుకోడని ఆ వ్యాసం సారాంశం. మెచ్చుకున్నవాళ్లు కొందరు, మండిపడ్డవాళ్లు ఇంకొందరు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, పేర్లు తీసేసి, ఊరు మాత్రం ఉంచి ఇస్తున్నాం.

ప్రశ్న: శుక్రవారం ఉపవాసం, దశమభాగం ఏనాడూ తప్పలేదు. తాగుడు, జూదం, సినిమా మా ఇంట్లో లేవు. రక్షణ విశ్వాసం వల్లనే అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. పొరుగువాణ్ణి ప్రేమించినవాడే నీతిమంతుడని మీరు రాస్తే, క్రియల వల్ల రక్షణ అని చెప్పినట్టే కదా? – కడప

కాదండీ. ఎఫెసీ పత్రిక 2:8–9లో కృపచేతనే, విశ్వాసం ద్వారానే రక్షణ అని ఉంది. దాంతో మాకు పేచీ లేదు. అయితే మనవాళ్లు కంఠతా పట్టే ఆ రెండు వచనాల పక్కనే పదో వచనం ఉంది. సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని అది చెబుతుంది. ఆదోని మార్కెట్ యార్డులో కాటా పత్తిని పండించదు, ఎంత పండిందో చూపుతుంది. పొరుగువాడితో మన నడత చేసే పని కూడా అంతే. రక్షణ సంపాదించిపెట్టదు, ఉందో లేదో చూపిస్తుంది. గలతీ 5:6లో పౌలు ‘ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే’ అన్నది ఇదే. యాకోబు 2:15–17 ఇంకాస్త మొరటుగా చెబుతుంది. బట్ట లేనివాడికి, తిండి లేనివాడికి ‘సమాధానంగా వెళ్లు, చలి కాచుకో’ అని చెప్పి పంపే విశ్వాసం చచ్చిన విశ్వాసమట.

మీరు రాసిన జాబితా మళ్లీ ఒకసారి చదువుకోండి. ఉపవాసం, పదో వంతు, చెయ్యని పాపాలు. లూకా 18:11–12లో పరిసయ్యుడు (నియమాలు తు.చ. తప్పక పాటించే యూదు శాఖవాడు) దేవాలయంలో చదివిన జాబితా కూడా ఇలాంటిదే. మిమ్మల్ని పరిసయ్యుడని అనడం లేదు. ఆ జాబితాలో పొరుగువాడు ఎక్కడా కనిపించడని గమనించమంటున్నాం, అంతే. మత్తయి 23:23లో ప్రభువు పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు ఇచ్చేవాళ్లని గద్దించింది ఇచ్చినందుకు కాదు. న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేసినందుకు. ఇవి చేయాలి, వాటినీ మానకూడదు అన్నాడు. కాబట్టి ఉపవాసం మానొద్దు. ఉపవాసం రోజున మీ దగ్గర పనిచేసేవాళ్లకు ఏం జరుగుతోందో చూడండి. యెషయా 58:3–7 సరిగ్గా ఆ సంగతే అడుగుతుంది. ఉపవాసం ఉంటూ పనివాళ్ల చేత గొడ్డు చాకిరీ చేయించుకునేవాళ్ల మొర దేవుడు వినలేదని ఆ అధ్యాయం.

ఇందులో ఎక్కువమంది జారేది ఒకచోటే. ప్రేమ అంటే మనసులో ఉండే మెత్తదనం అనుకుంటారు. ‘నాకు ఎవరి మీదా ద్వేషం లేదు సార్, నేను ప్రేమించినట్టే’ అంటారు. ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న మాట మొదట ఉన్నది లేవీయకాండం 19:18లో. ఆ అధ్యాయం మొత్తం ఒక్క బిగిన చదివితే అందులో మెత్తని మాటలు చాలా తక్కువ. పొలం అంచుల్లో పైరు పూర్తిగా కోసుకోవద్దు, పరిగె బీదలకు వదిలెయ్యి (9, 10). కూలివాడి కూలి తెల్లారేదాకా ఉంచుకోవద్దు (13). గుడ్డివాడి దారిలో అడ్డం వెయ్యొద్దు (14). తీర్పులో బీదవాడని ఒకవైపు, గొప్పవాడని ఇంకోవైపు మొగ్గొద్దు (15). కొండేలు మొయ్యొద్దు (16). తూకంలో, కొలతలో మోసం వద్దు (35, 36). మన మధ్య ఉండే పరదేశిని కూడా నీలాగే ప్రేమించు (34). లెక్కల పుస్తకం, కాటా, పంచాయితీ అరుగు – ప్రేమను వెతకాల్సిన చోట్లు అవి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోవాలంటే ఒక సాయంత్రం కాగితం తీసుకుని నలుగురి పేర్లు రాయండి. మీ దగ్గర కూలికి వచ్చేవాళ్లలో ఒకరు, మీకు బాకీ ఉన్నవాళ్లలో ఒకరు, మీతో మాటలు లేనివాళ్లలో ఒకరు, మీ వీధిలో ఎవరూ పట్టించుకోనివాళ్లలో ఒకరు. వాళ్ల ముందు మీ గురించి అడిగితే ఏం చెబుతారో, ఆ పేరు పక్కన మీ చేత్తో రాయండి. మందిరంలో ఇచ్చే సాక్ష్యం కంటే ఈ కాగితం నిజం చెబుతుంది. నాలుగు పేర్లు గుర్తుకు రాకపోతే అది ఇంకా పెద్ద జవాబు. ఇంకో సంగతి: ఈ కాగితం చూసి ‘నేను బాగానే ఉన్నాను’ అని మురిసిపోతే మళ్లీ లూకా 18కే వస్తాం. మత్తయి 25:37లో నీతిమంతులు తాము చేసింది తమకే తెలియక ‘ప్రభువా, ఎప్పుడు చేశాం’ అని అడుగుతారు.

ప్రశ్న: మాది పదెకరాల శెనక్కాయ. చెట్టు పీకించి, వామి వేయించి, కాయ విడిపించేదానికి కూలోళ్లను పెడతాం. కాయ అమ్ముడుపోయినాక ఒకేసారి లెక్క చూసి ఇస్తాం. ఊర్లో అందరూ అట్లే చేస్తారు. ఎవరినీ ఎగ్గొట్టలేదు. ఇది కూడా తప్పేనా? – ఉరవకొండ

ఎగ్గొట్టలేదన్నది మంచిదే. కానీ లేవీయకాండం అడిగేది ఇచ్చావా లేదా అని కాదు, ఎప్పుడిచ్చావని. ద్వితీయోపదేశకాండం 24:15 పొద్దు కుంకక ముందే ఇవ్వమంటుంది. కారణం కూడా అక్కడే ఉంది: వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు.

లెక్క వేసి చూద్దాం. పన్నెండు మంది కూలీలు, మనిషికి రోజుకు 400 అనుకుంటే రోజుకు 4,800. ఐదు రోజులకు 24,000. కాయ ఎండి, బస్తాలకెత్తి, వ్యాపారి చేతికిపోయి డబ్బొచ్చేసరికి ఇరవై రోజులు పట్టిందనుకోండి. ఆ ఇరవై రోజులూ పదెకరాల ఆసామి పన్నెండు మంది కూలీల దగ్గర 24,000 వడ్డీ లేని అప్పు వాడుకున్నట్టు. వాళ్లేమో అదే సమయంలో అంగట్లో అరువు పెట్టి, ధర ఎక్కువైనా నోరెత్తకుండా సరుకు తెచ్చుకుంటారు. ఊర్లో అందరూ చేస్తారన్నది నిజమే. యాకోబు 5:4లో మొరపెట్టే కూలి డబ్బులు కూడా ఊరంతా బిగబట్టినవే అయ్యుంటాయి.

చేయాల్సింది కష్టమేమీ కాదు. విత్తనం, ఎరువు లెక్క వేసుకునేటప్పుడే కోత కూలి కూడా వేసుకుని పక్కన పెట్టండి. అప్పు తేవాల్సివస్తే మందుల అంగడికి తెచ్చినట్టే దీనికీ తెండి. కూలీ మీ కంటే బలహీనుడు, భారం మీరు మోయాలి. నిజంగా చేతిలో లేకపోతే పనికి పిలిచే రోజే చెప్పండి. సగం సాయంత్రానికి, మిగతాది ఫలానా తారీఖుకు అని. వస్తారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. పని అయిపోయాక చెబితే వాళ్లకు దారి ఉండదు.

మేస్త్రీ చేతికి మొత్తం డబ్బిచ్చి చేతులు దులుపుకోవద్దు. గుంపులో ఒక్కొక్కరికి ఎంత ముట్టిందో అక్కడే నిలబడి చూడండి. ఫోన్‌పే చేస్తే ఎవరి ఫోనుకు పోయిందో అడగండి. చాలాసార్లు అది మొగుడి ఫోను అయ్యుంటుంది, పని చేసింది ఆమె. ఆ డబ్బు బ్రాందీ అంగడి దాకా పోయిందో ఇంటికే పోయిందో మీకు తెలియదు. ఆడవాళ్లకు నోటు చేతికివ్వడమే మంచిది. మధ్యాహ్నం వాన పడి పని ఆగితే సగం రోజు కోసేయడం, పిల్లకు పాలివ్వడానికి పోయొస్తే గంట కోసేయడం – ఇవి మానండి. ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా సమాన కూలి ఇవ్వాలని చట్టం 1976లోనే వచ్చింది. కాయ విడిపించడంలో ఆడవాళ్లది చురుకైన చెయ్యి అని తెలిసీ తక్కువ కట్టడం ఏ రకంగానూ నీతి అనిపించుకోదు.

పత్తి ఏరే చోట కిలోల లెక్కన కూలి ఇస్తారు కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాఠకులకు ఇంకో మాట. పొద్దున పని మొదలు కాకముందు, అందరి ముందర, 10 కిలోల రాయి పెట్టి స్ప్రింగు కాటా చూపించండి. స్ప్రింగు వాడేకొద్దీ సాగుతుంది, ముల్లు సున్నా మీద ఉన్నా పది దగ్గర తేడా రావచ్చు. మూటకు కిలో చొప్పున గంపగుత్తగా తరుగు తీయొద్దు. ఖాళీ గుడ్డను కాటాకు తగిలించి ఎంతుంటే అంతే తీయండి. పాత చీర గుడ్డ అరకిలో కూడా తూగదు. మూటకు అర కిలో మిగుల్చుకుంటే రోజుకు నాలుగు మూటల ఆమెకు రెండు కిలోల కూలి పోయినట్టే. ఆదివారం కానుకలో అది కలిసినా కానుక కాదు.

ప్రశ్న: మా సంఘంలోని ఒక సహోదరికి ఆపరేషన్ కోసం 50,000 ఇచ్చినాను. నూటికి మూడు రూపాయలు. 22 నెలలుగా నెలకు 1,500 కడుతోంది, అసలు అట్లే ఉంది. నమ్మకానికని ఆమె ఏటీఎం కార్డు, రేషన్ కార్డు నా దగ్గర పెట్టుకున్నాను. ఆమె ఇప్పుడు నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటోంది. కష్టంలో ఆదుకున్నది నేనే కదా? – ప్రొద్దుటూరు

అమ్మా, ఆదుకున్నది మీరే. ఆమె తప్పుకోవడానికి కారణమూ మీరు రాసిన లెక్కలోనే ఉంది. ఇప్పటికి ఆమె కట్టింది 33,000. తీరింది సున్నా.

వాక్యం వడ్డీ అంతటినీ ఒకే గాటన కట్టదు. మత్తయి 25:27లో సాహుకారుల దగ్గర వేస్తే వడ్డీ వచ్చేదని యజమాని అనే మాట ఉంది. వ్యాపారానికి పెట్టుబడి ఇచ్చి లాభంలో పాలు తీసుకోవడం వేరు. నిర్గమకాండం 22:25 వద్దన్నది బీదవాడి కష్టం మీద వడ్డీ. ఆపరేషన్ అప్పు ఏ కోవలోకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకులో బంగారం మీద తెచ్చుకుంటే మామూలుగా రూపాయి లోపే పడుతుంది.

తాకట్టు సంగతి వడ్డీ కంటే గట్టిగా ఉంది. ద్వితీయోపదేశకాండం 24:6 తిరుగలిని గాని, తిరుగలి పైరాతిని గాని తాకట్టు పట్టొద్దంటుంది, అది బతుకుదెరువు కాబట్టి. 10, 11 వచనాల ప్రకారం అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి కూడా పోకూడదు, బయట నిలబడాలి. రేషన్ కార్డు నేటి తిరుగలే. ఏటీఎం కార్డు పిన్ నంబరుతో సహా మీ దగ్గరుంటే ఆమె పింఛను, కూలి డబ్బు మీ చేతిలో ఉన్నట్టు. ఉత్తరం చదివిన రోజే ఆ రెండు కార్డులూ ఆమె ఇంటికి పోయి ఇచ్చిరండి. పిన్ మార్చుకోమని మీరే చెప్పండి. మందిరంలో అందరి ముందూ వద్దు.

లెక్క తేల్చడానికి ఒక దారి. మొదటి నుంచి రూపాయి వడ్డీ అనుకోండి: నెలకు 500, 22 నెలలకు 11,000. ఆమె కట్టిన 33,000లో అది పోను 22,000 అసలుకు జమ. ఇక ఇవ్వాల్సింది 28,000. వడ్డీ అసలే వద్దనుకుంటే 17,000. ఏది చేసినా ప్రోనోటు వెనక చెల్లు రాయించి, తారీఖు వేసి, సంతకం తీసుకోండి. చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. ప్రోనోటుకు గడువు మూడేళ్లు కాబట్టి, మూడేళ్లకోసారి వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవడం మన వైపు అలవాటు. వడ్డీ కట్టలేకపోయిన మనిషి విషయంలో ఇదెట్లా పెరుగుతుందో చూడండి. 50,000 మీద మూడు రూపాయలకు మూడేళ్ల వడ్డీ 54,000. కొత్త నోటు 1,04,000. దాని మీద ఇంకో మూడేళ్లకు వడ్డీ 1,12,320. ఆరేళ్లకు బాకీ 2,16,320. గడువులోపల కొంత సొమ్ము కట్టించుకుని నోటు మీద సంతకంతో చెల్లు వేయిస్తే గడువు అప్పటి నుంచి మళ్లీ మొదలవుతుంది. కొత్త నోటు పేరుతో వడ్డీని అసలు చేయాల్సిన పనే లేదు.

పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). మిమ్మల్ని నాలుగంతలు ఇవ్వమనడం లేదు.

ప్రశ్న: రాత్రి బండి మీద వస్తుంటే హైవే పక్కన యాక్సిడెంట్ అయి ఒకాయన పడి ఉన్నాడు. పోలీస్ కేసు మెడకు చుట్టుకుంటుందని ఆగలేదు. మీ వ్యాసం చదివినాక నిద్ర పట్టడం లేదు. అట్లాంటప్పుడు ఏం చేయాల? – గుత్తి

యెరూషలేము నుంచి యెరికో దారి సుమారు 27 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల దాకా దిగుడు, దొంగలకు అనువైన మలుపులు. యాజకుడు, లేవీయుడు భయపడే పోయుంటారు. ఉపమానంలో వాళ్ల భయాన్ని ఎవరూ వెక్కిరించలేదు. సమరయుడికీ భయం ఉండే ఉంటుంది, అయినా ఆగాడు.

కేసు భయానికి ఇప్పుడు ఆధారం లేదు. సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. క్షతగాత్రుణ్ణి ఆస్పత్రికి చేర్చినవాళ్ల పేరు, అడ్రసు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆస్పత్రిలో డబ్బు కట్టమనీ, ఆగమనీ అడగకూడదు. సాక్ష్యం చెప్పడం మీ ఇష్టం.

ముందు మీ బండి రోడ్డు దించి, ఇండికేటర్లు వేసి ఆపండి. వెనక వచ్చే లారీకి మీరు కనపడాలి. 108కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి మీది నంబరు, కర్నూలు వైపు పోయే రోడ్డా అనంతపురం వైపుదా, ఎంతమందికి దెబ్బలు అనే మూడూ చెప్పండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. రక్తం కారుతుంటే శుభ్రమైన తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. ఆగిందా అని మధ్యలో ఎత్తి చూస్తే మళ్లీ మొదలవుతుంది. పది నిమిషాలు వదలొద్దు, తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ. గుచ్చుకున్న గాజు, ఇనుము లాగొద్దు. నీళ్లు, సోడా తాపొద్దు. మనవాళ్లు మొదట చేసే పని ఇదే. స్పృహ సరిగా లేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆపరేషన్ చేయాల్సివస్తే మత్తు ఇచ్చేటప్పుడూ ప్రమాదం. కాళ్లొకరు చేతులొకరు పట్టి ఆటోలో వెయ్యొద్దు, మెడ ఎముక విరిగి ఉంటే అక్కడితో అయిపోతుంది. మంటలో, ట్రాఫిక్‌లో లేకపోతే కదిలించకండి. ఊపిరి ఆడుతున్నంతసేపూ హెల్మెట్ తీయొద్దు. స్పృహ లేక, నోట్లో రక్తమో వాంతో ఉంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్టు ఇద్దరు పట్టుకుని పక్కకు తిప్పండి. పర్సు, ఫోను అంబులెన్స్ వాళ్లకు చూపించి అప్పగించండి.

సమరయుడు నూనె, ద్రాక్షారసం, తన వాహనం, ఒక రాత్రి ఇచ్చాడు. పొద్దున రెండు దేనారములు ఇచ్చాడు, అంటే రెండు రోజుల కూలి (మత్తయి 20:2). ఇంకా ఎక్కువైతే వచ్చేటప్పుడు ఇస్తానని పూటకూళ్లవాడి దగ్గర ఖాతా తెరిచాడు. ఆస్పత్రిలో దించేసి వచ్చినా రెండు రోజులకు ఒక ఫోన్ చేసి అడగడం అందులో భాగమే. తమ్ముడూ, ఆ రాత్రి సంగతి ప్రభువు ముందు ఒప్పుకుని, ఈ వారమే ప్రథమ చికిత్స నేర్చుకోండి. వెంట రెండు శుభ్రమైన తువ్వాళ్లు పెట్టుకోండి.

ప్రశ్న: మా పల్లెలో సగం ఇండ్లు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. ముసలోళ్లు, బడి పిల్లలు ఇక్కడ మిగులుతారు. సంఘంలో పిడికెడు బియ్యం పోగుచేసి ఇస్తామంటే ఎవరికివ్వాలన్న దాని మీద గలాటా. ఎట్లా నడపాల? – కోసిగి మండలం

గలాటా కొత్తది కాదు. అపొస్తలుల కార్యములు 6లో మొదటి సంఘంలోనే గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు లేచింది. ఏర్పరచిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే సణిగినవాళ్ల వైపు మనుషుల చేతికే పంపకం అప్పగించినట్టుంది. మీరూ అదే చేయండి. మాకు అందలేదని ఎక్కువ అరిచే వీధి నుంచి ఒకరిని కమిటీలోకి తీసుకోండి. ముగ్గురు చాలు, అందులో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆడవాళ్లకు తెలిసినట్టు పెద్దలకు తెలియదు. సంఘపెద్ద బంధువుల ఇల్లు జాబితాలో ఉంటే ఆ ఇంటి గురించి మిగతా ఇద్దరే నిర్ణయించాలి.

పిడికెడు సుమారు 50 గ్రాములు. రోజుకొక పిడికెడు తీస్తే ఇంటికి నెలకు కిలోన్నర, అరవై ఇళ్లకు 90 కిలోలు. ఒంటరి ముసలివాళ్లకు రేషన్ ఎట్లాగూ మనిషికి 5 కిలోలు వస్తుంది కాబట్టి నెలకు ఇంకో 5 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అర లీటరు నూనె చాలు. బియ్యం మిగులుతుంది, పప్పుకే డబ్బు చాలదు. చాలా సంఘాల్లో ఇక్కడే తప్పుతుంది: బియ్యం అందరూ ఇస్తారు, పప్పు ఎవరూ ఇవ్వరు. వారం మార్చి వారం పప్పు పోగుచేయండి. ఇంకోటి, పాత బియ్యం, కొత్త బియ్యం, రేషన్ బియ్యం ఒకే డబ్బాలో పోస్తే సగం చిమిడి సగం పలుకుగా ఉడుకుతుంది. తీసుకున్నవాళ్లు కోళ్లకు వేస్తారు, మనం కృతజ్ఞత లేదంటాం. మూడు డబ్బాలు పెట్టండి. పళ్లు లేని ముసలాయనకు జొన్న రొట్టె నమలడం కష్టం, సంగటి పిండి కావాలేమో అడగండి.

ఇచ్చేది ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. పేరు పిలిచి వేదిక ముందుకు రప్పించడం, సంచి పట్టించి ఫొటో తీయడం, ఫ్లెక్సీ వేయడం – మత్తయి 6:2 బూర ఊదడం అన్నది వీటినే. లెక్క మాత్రం దాచొద్దు. ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్లకు పోయింది, ఎంత మిగిలింది అని నెలకోసారి గోడకు అంటించండి. పేర్లు అక్కర్లేదు. డబ్బు ఉంటే బ్యాంకులో ఇద్దరి సంతకాలతో. 2 కొరింథీ 8:20–21లో పౌలు పోగైన సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా చూసుకున్నాడు.

సంఘంలో లేని ఇళ్లకు ఇవ్వొచ్చా అని కూడా అడిగారు. ఇవ్వాలి. కూటానికి రమ్మన్న షరతు మాటవరసకైనా పెట్టకూడదు. కొట్టబడి పడి ఉన్నవాణ్ణి సమరయుడు ‘నీది ఏ ఊరు’ అని అడగలేదు. పిల్లల సంగతి బియ్యం కంటే ముఖ్యం. దసరా దాటాక తల్లిదండ్రులు బయలుదేరే ముందే, మండలంలో సీజనల్ హాస్టల్ ఉంటే హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి చేర్పించండి. లారీ ఎక్కిన పిల్లను తిరిగి బడికి తేవడం ఎంత కష్టమో మీకు తెలుసు. వెంట తీసుకుపోయేవాళ్లు రేషన్ ఆ ఊర్లోనే తీసుకోవచ్చని కూడా చెప్పి పంపండి.

తాగేవాడికి ఇవ్వాలా? డబ్బు వద్దు. అతని భార్య చేతికి సరుకు. ‘పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదు’ అన్న 2 థెస్సలొనీక 3:10ని అతని పిల్లల మీద వాడకండి.

ప్రశ్న: మా ఊర్లో రెండు చర్చిలు, ఏ కులపోళ్లకు ఆ చర్చి. మా దాంట్లోనే ఇంకో కులం నుంచి వచ్చి చేరిన రెండు కుటుంబాలు వెనకే కూర్చుంటాయి, బల్లలో (ప్రభువు రాత్రి భోజనం రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు) చివరికే వస్తాయి. ఎవరూ పొమ్మనలేదు. – కడప జిల్లా, ఊరు వేయవద్దన్నారు

ఎవరూ పొమ్మనలేదు, ముందుకు రమ్మనీ ఎవరూ అనలేదు. యాకోబు 2:1–9 కూర్చునే చోటు గురించే. ‘నీవక్కడ నిలువుము’ అన్నవాళ్లను అపరాధులంటుంది, అది కూడా పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ పేరెత్తి మరీ. కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందు తినేసి లేనివాళ్లను ఆకలితో ఉంచితే, మీరు తినేది ప్రభువు రాత్రి భోజనం కానే కాదన్నాడు పౌలు (1 కొరింథీ 11:20–22). ప్రసంగాల వల్ల ఇది పోదు. వచ్చే బల్ల ఆదివారం సంఘపెద్దలు వెనక వరుసలో ఆ కుటుంబాల పక్కన కూర్చుని, వాళ్లతో కలిసి లేచి రావాలి. రొట్టె చేసే పని, పాత్ర కడిగే పని ఆ ఇళ్లకు కూడా వంతు వేయండి. అభ్యంతరం బయటపడేది సరిగ్గా అక్కడే. బయటపడితే దాచొద్దు, పెద్దలు ఆ ఇంటికి పోయి మాట్లాడాలి. పెళ్లిళ్ల ఊసు ఎత్తగానే ఇదంతా మళ్లీ మొదటికొస్తుందని తెలుసు, అయినా మొదలు పెట్టాల్సింది బల్ల దగ్గరే.

ప్రశ్న: మా అన్నకూ నాకూ గట్టు తగాదా. నాలుగు సాళ్లు నా చేలోకి దున్నినాడు. నేను బల్ల తీసుకోవచ్చా? – పత్తికొండ

మత్తయి 5:23–24 చదవండి. అర్పణ అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడమంటుంది. అందులో తమాషా ఏమిటంటే ‘నీకు వాడి మీద ఏమైనా ఉంటే’ అని లేదు, ‘వాడికి నీ మీద ఏమైనా ఉంటే’ అని ఉంది. మీ అన్నకు మీ మీద ఏముందో ముందు తెలుసుకోండి. నాలుగు సాళ్లు దున్నిన వెనక చాలాసార్లు నాన్న మందుల ఖర్చో, చెల్లెలి పెళ్లి ఖర్చో పంచుకోని పాత లెక్క ఉంటుంది.

వెళ్లే వరస మత్తయి 18:15–17లో ఉంది. మొదట మీరొక్కరే, ఆయన ఇంటికి. వదిన ముందు, పిల్లల ముందు వద్దు, చేలో అసలే వద్దు. చేతిలో పార ఉన్నచోట మాట తూలుతుంది. కుదరకపోతే ఇద్దరూ గౌరవించే ఒకరిద్దరిని వెంట తీసుకుపోండి. మీ వైపువాళ్లను మాత్రమే కాదు. మనవాళ్లు ఈ రెండు మెట్లూ దాటేసి నేరుగా పాస్టరు గారి దగ్గరికో, పోలీస్ స్టేషనుకో పోతారు. అప్పుడు అన్నకు ఒప్పుకునే దారి మూసుకుపోతుంది.

ఇద్దరికీ గట్టు ఎక్కడో నిజంగా తెలియకపోతే మాటలతో తేలదు. గ్రామ సచివాలయంలో ఎఫ్‌-లైన్ అర్జీ (పొలం హద్దు కొలవమని) పెట్టి సర్వేయరుతో కొలిపించండి. అర్జీ ఇద్దరూ కలిసి పెట్టండి, ఫీజు చెరి సగం. ఒక్కరే పెడితే అవతలివాళ్లకు అది నోటీసులా కనపడుతుంది. కొలిచే రోజు ఇద్దరూ ఉండాలి, రాళ్లు ఆ రోజే పాతించాలి. పాతకుండా వదిలేస్తే వచ్చే దున్నకాలకు మళ్లీ సాళ్లు జరుగుతాయి. కొలతలో మీ వైపే నాలుగు సాళ్లు ఎక్కువ తేలితే, పైరు కోసుకునేదాకా ఆగమని అన్నను అడగండి. ఆ వారమే బల్లకు రండి.